రంగులు మార్చమని వచ్చిన గ్రాఫు: ఒక కేస్ స్టడీ

విజయనగరంలో పాతికేళ్లు స్టాటిస్టిక్స్ పాఠం చెప్పి, ఇప్పుడు ఇంటి ముందుగదిలో కూర్చుని వచ్చినవాళ్ల డేటా చూసిపెడుతుంటాను. సగం మంది థీసిస్ ఆఖరి నెలలో పడ్డవాళ్లు, మిగతావాళ్లు చిన్న చిన్న సంస్థలవాళ్లు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అందరూ చెప్పే మాట ఒకటే. "లెక్కలన్నీ అయిపోయాయి మాస్టారూ, గ్రాఫు ఒక్కటీ కాస్త అందంగా చేసిపెడితే చాలు." ఈ కేసూ అలాగే వచ్చింది. అందం కోసం ఒక్కో కమాండూ మారుస్తూ పోయేసరికి, అయిపోయాయన్న లెక్కలే మళ్లీ మొదటికొచ్చాయి. అందుకే రాసి పెడుతున్నాను.

సంస్థ పేరు, మండలం, ఊళ్లు తీసేశాను. అంగన్‌వాడీ కేంద్రాలకి 1 నుంచి 11 దాకా అంకెలు పెట్టాను, అవీ అసలు వరుసలో లేవు. పిల్లల సంఖ్యలు వాదం చెడనంత మేర అటూఇటూ చేశాను.

నేపథ్యం

ఒక స్వచ్ఛంద సంస్థ జిల్లాలో 11 కేంద్రాల పరిధిలో రెండేళ్లలోపు పిల్లల బరువులు నెలనెలా రాయించుకుంటోంది. తూచేది అంగన్‌వాడీ టీచర్లే. సంస్థ మనిషి వెళ్లి రిజిస్టరు చూసి ఎక్సెల్‌లోకి ఎక్కించుకుంటుంది. నా దగ్గరికి వచ్చేనాటికి 136 మంది పిల్లలవి, జూలై నుంచి మరుసటి ఆగస్టు దాకా 14 నెలల బరువులు ఉన్నాయి. మధ్యలో జనవరి నుంచి మూడు కేంద్రాల్లో, అంటే 2, 4, 9లో, ఆరు నెలలు నిండిన పిల్లలకి చోడి జావ పిండి పొట్లాలు ఇవ్వడం మొదలుపెట్టారు. బయటివాళ్లు రాగులంటారు గానీ ఇక్కడ చోళ్లే. ఆ మూడు కేంద్రాల్లో ఉన్న పిల్లలు 45 మంది.

వచ్చిన అమ్మాయి ఆ సంస్థలో కోఆర్డినేటరు. కమాండ్లు రాసి లెక్కలూ గ్రాఫులూ చేయించే ఆర్ సాఫ్ట్‌వేర్ సొంతంగా నేర్చుకుంది, నాకు అది చూడగానే సంతోషం వేసింది. దసరా వెళ్లాక మండల స్థాయిలో ఒక సమావేశం ఉంది, తల్లులూ టీచర్లూ సూపర్‌వైజర్లూ వస్తారు, అక్కడ గోడకి కట్టడానికి పెద్ద ఫ్లెక్సీ కావాలి. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ దగ్గర పడుతోంది కాబట్టి ఫ్లెక్సీ షాపుల్లో ఖాళీ ఉండదు, పది రోజుల్లో తేల్చాలని తొందర.

తెచ్చిన సమస్య

ఆమె గ్రాఫులో రెండు గీతలు ఉన్నాయి. జావ ఇచ్చిన కేంద్రాల సగటు బరువు నల్లగా, మిగతా కేంద్రాల సగటు ఎర్రగా. అడుగున నెలలు. సంక్రాంతి దాకా రెండూ అంటుకుని నడిచి, ఆ తర్వాత నల్లది పైకి లేచి మళ్లీ కలవలేదు. చూసినవాళ్లెవరైనా జావ పనిచేసిందంటారు. ఆమె అడిగినవి మూడు: రంగులు బాగుండాలి, పేర్లు తెలుగులో ఉండాలి, ఏ రంగు గీత ఏదో చెప్పే లెజెండు పెట్టె గీతల మీద పడి కూర్చుంది, దాన్ని పక్కకి జరపాలి.

నేను మొదట చూసింది నిలువు గీత మీది అంకెలు. మనం ఏమీ చెప్పకపోతే ఆర్ తనకిచ్చిన అంకెల్లో కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా తీసుకుని, రెండు చివర్లా 4 శాతం చొప్పున కలిపి, కాగితం నిండా సాగదీస్తుంది. కిలో కూడా లేని తేడాని అరచేతి ఎత్తుకి లాగింది. గీతల మధ్య ఎడం కొలిస్తే 150 గ్రాములు. అబద్ధం కాదు, ఆ 150 గ్రాములు డేటాలో ఉన్నాయి. కానీ గోడమీద చూసే తల్లికి అది కొండలా కనబడుతుంది. వైలిమ్ అనే ఒక్క మాటతో అడుగూ పైకొసా మనమే కట్టేయొచ్చు, ఎక్కడ కట్టాలన్నదే ప్రశ్న. బార్ గ్రాఫు సున్నా నుంచి మొదలవ్వాలన్నది గట్టి నియమం, ఎందుకంటే అక్కడ కన్ను చూసేది పొడవుని. గీతల గ్రాఫుకి ఆ పట్టు అక్కర్లేదు. పిల్లల బరువుకి 2 నుంచి 16 కిలోలు పెట్టాను. పుట్టిన బిడ్డ నుంచి రెండేళ్ల బొద్దు పిల్లాడి దాకా అందులో పడతారు.

అలా పెట్టగానే రెండు గీతలూ దాదాపు ఒకటైపోయాయి. అమ్మాయి ముఖం వాడిపోయింది. "అంటే తేడా లేదా మాస్టారూ?"

"ఉందో లేదో ఈ గ్రాఫు చెప్పలేదమ్మా," అన్నాను. నెల నెలా సగటు తీస్తే అందులో కొత్తగా పుట్టినవాళ్లు చేరతారు, రెండేళ్లు నిండినవాళ్లు వెళ్లిపోతారు. ఒక కేంద్రంలో ఆ నెల నలుగురు పుడితే ఎవరి బరువూ తగ్గకుండానే సగటు పడిపోతుంది. పిల్లల బరువులకి సగటు గీత గీయడం నాకు మొదటినుంచీ నచ్చదు. ఎదిగేది పిల్లలు, సగటు కాదు.

చేసి చూసినవి

నా దగ్గరికి రాకముందే ఆమె ఇంకో దారి ప్రయత్నించింది. ఆర్‌లో గ్రాఫుల కోసం వాడే జీజీప్లాట్ అనే ప్యాకేజీలో ఫేసెట్ కమాండుతో 11 కేంద్రాలకి 11 చిన్న గళ్లు చేసి, స్కేల్స్ అన్నచోట ఫ్రీ అని పెట్టింది. ఇంటర్నెట్‌లో ఎవరో అలా పెడితే గళ్లు నిండుగా వస్తాయని చెప్పారట. నిండుగానే వచ్చాయి. ఒక్కో గడికి ఒక్కో కొలత కాబట్టి బాగా ఎదిగిన కేంద్రం, అంతంత మాత్రంగా ఎదిగిన కేంద్రం అన్నీ మూల నుంచి మూలకి ఒకేలా ఎక్కాయి. పక్కపక్కన పెట్టేదే పోల్చడానికి, కొలబద్ద మారిపోయాక పోల్చేదేముంది? అది పక్కన పెట్టేశాం.

తర్వాతి తప్పు నాది. సగటు వద్దు, వయసు లెక్కలోకి రావాలి, ఆడ మగ తేడా రావాలి అనుకోగానే నా చెయ్యి అలవాటుగా జెడ్ స్కోరు మీదికి పోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల ప్రమాణాలు ఉన్నాయి. ఆరు దేశాల పిల్లల కొలతల మీద తయారైనవి, మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. ఆ సంస్థే ఆర్ కోసం ఆంత్రో అనే ప్యాకేజీ ఇచ్చింది. వయసు, ఆడో మగో, బరువు ఇస్తే ఈ బిడ్డ మధ్యస్థానికి ఎంత పైన, ఎంత కింద అన్నది ఒక్క అంకెలో చెబుతుంది. సున్నా అంటే సరిగ్గా మధ్యన. మైనస్ 2 కిందికి పోతే తక్కువ బరువు, మైనస్ 3 కిందికి పోతే మరీ తక్కువ.

గ్రాఫు ముచ్చటగా వచ్చింది. సున్నా దగ్గర అడ్డగీత, మైనస్ 2 దగ్గర ఇంకోటి, వాటి మధ్య పిల్లల గీతలు. దాన్ని సమావేశానికి ముందు ఒక సెక్టార్ మీటింగులో అయిదుగురు టీచర్లకి చూపించమని పంపాను, నేనూ వెళ్లాను. ఒకావిడ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి అడిగింది: "ఈ గీత సున్నా కాడ ఉన్నాదేటండీ? ఈ పిల్లడికి అసలు బరువే లేదేటి?"

ఇంకొకావిడ అంది: "మా కార్డులో ఇలాగుండదు కదండీ. అందులో రంగులుంటాయి."

తిరుగు బస్సులో ఆ రెండో మాటే బుర్రలో తిరిగింది. వాళ్లు గ్రాఫు చదవలేనివాళ్లు కాదు. నెలనెలా మాతా శిశు సంరక్షణ కార్డులో చుక్క పెట్టి గీత కలిపేవాళ్లు, బహుశా జిల్లాలో నాకంటే ఎక్కువ గ్రాఫులు చేత్తో గీసినవాళ్లు. వాళ్లకి ఒక గ్రాఫు ముందే వచ్చు. నేను దాన్ని వదిలి కొత్త భాష తీసుకెళ్లాను.

కార్డుని పోలిన గ్రాఫు

కాబట్టి కార్డునే కంప్యూటర్‌లో గీయాలి. అడుగున వయసు నెలల్లో, నిలువున బరువు కిలోల్లో, వెనక మూడు రంగుల పట్టీలు: మామూలు ఎదుగుదలకి ఆకుపచ్చ, తక్కువ బరువుకి పసుపు, మరీ తక్కువకి నారింజ. ఆడపిల్లలకి ఒకటి, మగపిల్లలకి ఒకటి. ఏడాది నిండిన మగపిల్లాడికి మధ్యస్థ బరువు 9.6 కిలోలు, 7.7 దిగితే పసుపు, 6.9 దిగితే నారింజ. అదే ఆడపిల్లకి 8.9, 7.0, 6.3. రెండూ ఒకే కాగితం మీద కలిపితే ఆడపిల్లలందరూ అన్యాయంగా కిందికి కనబడతారు.

జీజీప్లాట్ వదిలి ఆర్ పాత ప్లాట్ కమాండ్లకే వచ్చాను. ఎందుకంటే అక్కడ వరుస పూర్తిగా మన చేతిలో ఉంటుంది, ఏది తర్వాత గీస్తే అది పైన పడుతుంది. ఇంటి గోడకి ముందు వెల్ల, ఆనక జాజు పట్టీ వేసినట్టే. ముందు టైప్ దగ్గర ఎన్ అని పెట్టి ఖాళీ కాగితం తెరిచాం. అప్పుడు పాలిగన్‌తో పట్టీలు, వాటి మీద లైన్స్‌తో పిల్లల గీతలు, అన్నిటికన్నా ఆఖర్న అక్షరాలు. మొదటిసారి ఆమె పట్టీలు చివర్లో వేసింది, పిల్లలందరూ ఆకుపచ్చ కింద మునిగిపోయారు. నవ్వుకున్నాం గానీ, వరుస ఎందుకు ముఖ్యమో నేను ఇక చెప్పక్కర్లేకపోయింది.

అడుగు గీత మీద ఆర్ తనంతట తాను 0, 5, 10, 15 అని వేసింది. దానికి గుండ్రటి అంకెలంటే ఇష్టం, నెలలూ ఏళ్లూ దానికి తెలియవు. అయిదో నెలకీ పదిహేనో నెలకీ తల్లి బుర్రలో ఏ గుర్తూ ఉండదు. ఆరో నెల అన్నప్రాసన, పన్నెండో నెల మొదటి పుట్టినరోజు. ఎక్స్‌ఏఎక్స్‌టీ దగ్గర ఎన్ అని చెప్పి దాని అంకెలు ఆపేసి, యాక్సిస్ కమాండుతో 0, 3, 6, 9, 12 అని మేమే వేశాం. అంచుల దగ్గర మిగిలే ఆ 4 శాతం ఖాళీని కూడా ఎక్స్‌ఏఎక్స్ఎస్, వైఏఎక్స్ఎస్‌లకి ఐ ఇచ్చి తీసేశాం. లేకపోతే పట్టీలు గోడ దాకా రాక మధ్యలో తెగినట్టుంటాయి.

లెజెండు పెట్టె అసలు తీసేశాను. చూసేవాడు గీత దగ్గర్నుంచి పెట్టెకీ, పెట్టె దగ్గర్నుంచి గీతకీ నాలుగుసార్లు తిరగాలి. పట్టీ కుడి చివరే టెక్స్ట్ కమాండుతో "మామూలు", "తక్కువ", "మరీ తక్కువ" అని రాస్తే సరిపోయింది. దానికి కుడివైపు చోటు కావాలి. గ్రాఫు అమరికలు పెట్టే పార్ కమాండులో, అంచుల ఖాళీ కోసం మార్ అని నాలుగు అంకెలుంటాయి, వరుస కింద, ఎడమ, పైన, కుడి. మామూలుగా 5.1, 4.1, 4.1, 2.1. ఆ ఆఖరి 2.1ని 7 చేసి, గీతల గడి దాటి కూడా రాయడానికి ఎక్స్‌పీడీ తెరిచాం. (ఈ పార్ మార్పులు డివైసు, అంటే గ్రాఫు గీసే తెర లేదా ఫైలు, మూసేదాకా అంటుకునే ఉంటాయి. పాతవి ఒక పేరుతో దాచుకుని పని కాగానే తిరిగి పెట్టేయాలి. నాకు ఇది ముప్ఫై గ్రాఫులు పాడయ్యాక తెలిసింది.)

రంగుల మీద ఒక వాదం నడిచింది. ఆమెకి ముదురు రంగులు కావాలి, ఫ్లెక్సీ కదా. నేను ఆమె ముదురు గ్రాఫుని ప్రింటు తీసి, జిరాక్సు చేయించి, ఆ జిరాక్సుని మళ్లీ జిరాక్సు చేయించి తెచ్చాను. ఊళ్లకి చేరేది ఆ రెండో జిరాక్సే. ఆకుపచ్చా నారింజా ఒకే బూడిద రంగయ్యాయి, గీతలు కనబడలేదు. అప్పుడు పట్టీల్ని ఎడ్జస్ట్‌కలర్‌తో బాగా పలచన చేసి, పట్టీల హద్దుల మీద సన్నటి నల్లగీత వేశాం. రంగు పోయినా హద్దు మిగులుతుంది, పక్కన పేరు మిగులుతుంది. కార్డు రంగులు మాత్రం మార్చలేదు. నాకు నీలం-నారింజ జత నచ్చుతుంది, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని కళ్లకి అదే మేలు. కానీ టీచర్లకి ఆకుపచ్చ అంటే అర్థం ఏళ్ల కిందటే స్థిరపడిపోయింది, నా ఇష్టం కోసం దాన్ని కదపకూడదు.

తెలుగు అక్షరాలు రెండు రోజులు తిన్నాయి. మామూలు పీడీఎఫ్ డివైసులో తెలుగు చోట చుక్కలు వచ్చాయి. షోటెక్స్ట్ ప్యాకేజీ పెడితే అక్షరాలు వచ్చాయి గానీ ఒత్తులు కిందికి దిగలేదు, "తక్కువ" అన్న మాట "తక్‌కువ" అయి కూర్చుంది. అక్షరం బొమ్మ దొరికితే తెలుగు వచ్చేసినట్టు కాదు. ఏ ఒత్తు ఏ హల్లు కింద కూర్చోవాలో లెక్కవేసే పని వేరే ఉంది, షోటెక్స్ట్ ఆ పని చేయదు. రాగ్ అనే ప్యాకేజీలోని ఏజీజీ పీఎన్‌జీ డివైసు ఆ పని చేస్తుంది, దాని లోపల ఒత్తుల లెక్క చూసే హార్ఫ్‌బజ్ అనే యంత్రం ఉంటుంది. నోటో సాన్స్ తెలుగు ఫాంటు ఇచ్చి దాంతో తీస్తే ఒత్తులన్నీ బుద్ధిగా కూర్చున్నాయి. "బరువు, కిలోల్లో" అన్న పేరుని నిలువుగా తిప్పి రాయకుండా పైన ఎడమ మూల అడ్డంగా పెట్టాం, మెడ వంచి తెలుగు చదవడం ఎవరికైనా కష్టమే. ఫ్లెక్సీ షాపు కుర్రాడు మంచివాడే, "అక్షరాలు నేను అను సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ కొట్టి పెట్టేస్తాను సార్" అన్నాడు. వద్దన్నాను. మళ్లీ కొట్టినచోట మళ్లీ తప్పు దొర్లుతుంది, రేపు డేటా మారితే ఆ కొట్టుడూ మళ్లీ చేయాలి.

ఇంకో చిన్న ఉచ్చు. ఆరడుగుల ఫ్లెక్సీ కదా అని ఆమె కాగితం కొలతనే 72 అంగుళాలు చేసింది. కాగితం పెరిగింది, అక్షరం సైజు మాత్రం పాయింట్లలో అలాగే ఉండిపోయి చీమల్లా అయింది. కాగితాన్ని 12 అంగుళాలు, 8 అంగుళాలు దగ్గరే ఉంచి రెస్, అంటే అంగుళానికి పిక్సెళ్లు, 600 చేస్తే వెడల్పు 7200 పిక్సెళ్లు వస్తుంది, ఆరడుగులకి అంగుళానికి 100. ఫ్లెక్సీకి అది చాలు, అన్నీ ఉన్న నిష్పత్తిలోనే పెరుగుతాయి.

మెట్టు

ఇక గీతలు. సగటు మానేశాం కాబట్టి ఒక్కో బిడ్డకి ఒక్కో సన్నగీత, బూడిద రంగులో. కేంద్రానికి ఒక కాగితం. ముందే ఒకసారి దెబ్బతిన్నాను కనుక ఇదీ అదే సెక్టార్ మీటింగుకి పంపాను. ఈసారి ఎవరూ నన్నేమీ అడగలేదు. వేలు పెట్టి చూసుకుంటూ "ఈ గుంట పసుపులోకి దిగిపోయింది, జొరం వొచ్చిన నెల" అని వాళ్లలో వాళ్లే మాట్లాడుకున్నారు. గ్రాఫు కుదిరిందనుకుని లేవబోతుంటే, సున్నా గురించి అడిగిన ఆవిడే 4వ కేంద్రం కాగితం పట్టుకుని ఆగింది.

"ఇదేటండీ, ఈళ్ల గీతలన్నిటికీ ఒక్కో మెట్టుంది?"

ఉంది. ఏ గీత చూసినా ఒకచోట ఉన్నట్టుండి నిటారుగా లేచి, మళ్లీ మామూలు వాలులో పడుతోంది. ఒకరికి ఎనిమిదో నెలలో, ఒకరికి పంతొమ్మిదో నెలలో, ఇంకొకరికి మూడో నెలలో. అడుగు గీత వయసు కాబట్టి మెట్లు చెల్లాచెదురుగా ఉన్నాయి, నా కంటికి అందులో ఒక క్రమం ఉందని తోచలేదు. ఆవిడ కంటికి తోచింది.

ఇంటికొచ్చి ఒక్క మార్పు చేశాను. అడుగున వయసు తీసి క్యాలెండరు నెల పెట్టాను. ప్లాట్‌లో మొదటి మాట మార్చి, యాక్సిస్ డాట్ డేట్‌తో నెలల పేర్లు వేయడం, అంతే. చెల్లాచెదురుగా ఉన్న మెట్లన్నీ వచ్చి ఒకే నిలువు వరుసలో నిలబడ్డాయి. జనవరి. పందొమ్మిది మంది పిల్లలూ ఒకే నెలలో, ఇంచుమించు ఒకే ఎత్తు ఎగిరారు.

జనవరి అంటే జావ మొదలైన నెల. అమ్మాయికి ఫోన్లోనే పట్టలేని ఆనందం. నాకు అనుమానం. కారణాలు ఆమెకి ఒక్కొక్కటే చెప్పాను. జావ పనిచేస్తే వాలు మారాలి, నెల నెలా కొంచెం కొంచెం. ఒక్క నెలలో ఎగిరి, తర్వాత పాత వాలులోనే నడవదు. ఎనిమిది నెలల బిడ్డా ఇరవై రెండు నెలల బిడ్డా ఒకే 300, 400 గ్రాములు పెరగడం తిండితో జరిగే పని కాదు. జావ ఇచ్చిన 2, 9 కేంద్రాల కాగితాల్లో జనవరిలో మెట్టు లేదు. అన్నిటికన్నా గట్టిది నాలుగోది: 4వ కేంద్రంలో జనవరి నాటికి ఆరు నెలలు నిండని పసివాళ్లు నలుగురున్నారు. తల్లిపాలు తప్ప ఏమీ తాగని పిల్లలు, పొట్లాలు వాళ్లకి ఇవ్వనేలేదు. వాళ్లూ ఎగిరారు.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "రేపు కేంద్రానికి వెళ్తాను మాస్టారూ," అంది.

వెళ్లాక దొరికింది త్రాసు కాదు, సంచి. అక్కడ తూచేది కొక్కేనికి వేలాడే సాల్టర్ స్కేలుతో. పిల్లని గుడ్డ సంచిలో కూర్చోబెట్టి తగిలిస్తారు. ఖాళీ సంచి తగిలించి ముల్లుని సున్నాకి తిప్పుకోవాలి, ఆ తర్వాతే పిల్ల. పాత సంచి చినిగిపోయిందని జనవరిలో కొత్తది కుట్టించారు, మందపాటి దుప్పటి గుడ్డతో, కింద కర్ర పెట్టి. ముల్లు మాత్రం పాత సంచికి తిప్పిన చోటే ఉండిపోయింది. మరి పాతది ఏమైందంటే ఆయమ్మ చెప్పిన జవాబు: "భోగిమంటలో ఏసీసేం అమ్మా, అది ఇంకెందుకూ పనికిరాదని."

కాలిపోయిన సంచిని తూచలేం. అలాంటి గుడ్డతోనే కుట్టిన పాత సంచి పక్క కేంద్రంలో ఉంటే తూచింది, 200 గ్రాములు. కొత్తది 550. తేడా 350. ఆ స్కేలు మీద గీతలు 100 గ్రాములకొకటి కాబట్టి రిజిస్టరులో ఒకరికి 300, ఒకరికి 400 పెరిగినట్టు పడింది. మొదట ఆమె తెచ్చిన గ్రాఫులోని ఎడం కూడా ఇక్కడే తేలిపోయింది: 19 మందికి 350 గ్రాముల చొప్పున 45 మందికి పంచితే 148 గ్రాములు.

ఏం చేయాలి

ఆమె సూటి దారి చెప్పింది, 4వ కేంద్రంలో జనవరి నుంచి ప్రతి అంకెలోనూ 350 తీసేద్దామని. నేను ఒప్పుకోలేదు. పాత సంచి బరువు మనం చూసింది కాదు, పోల్చి అనుకున్నది. జనవరి తర్వాత ఏ నెలలోనైనా ఎవరైనా ముల్లు సరిచేసి, మళ్లీ అది కదిలిందేమో తెలియదు. తీసేసిన అంకె కాగితం మీదికెక్కాక అది తూచిన అంకెలాగే కనబడుతుంది, తేడా చెప్పేవాళ్లుండరు. అలాగని ఆ ఎనిమిది నెలలూ ఎన్‌ఏ, అంటే విలువ లేదని, పెట్టేస్తే గీత తెగిపోతుంది, ఆర్‌లో లైన్స్ కమాండు ఎన్‌ఏ దగ్గర ఆగిపోయి మళ్లీ విలువ దొరికినచోట మొదలవుతుంది. పందొమ్మిది మంది తల్లులకి తమ బిడ్డ సగం ఏడాది మాయమైనట్టుంటుంది.

చివరికి రాసిన అంకెనే ఉంచి, అనుమానం ఉన్న నెలల్ని చుక్కల గీతగా వేశాం. ఇక్కడ ఒక మెలిక ఉంది. లైన్స్ కమాండు ఒక పిలుపుకి ఒకే ఎల్‌టీవై, అంటే ఒకే రకం గీత, తీసుకుంటుంది, ఒకే గీతలో సగం నిండుగా సగం చుక్కలుగా వేయదు. సెగ్మెంట్స్ కమాండుకి ప్రతి ముక్కకీ వేరే ఎల్‌టీవై, వేరే మందం ఇవ్వొచ్చు. బిడ్డ గీతని నెల నుంచి నెలకి ముక్కలు చేసి, ఒక్కో ముక్క నమ్మకమైనదో కాదో ఒక నిలువు వరుసలో రాసి, దాన్నిబట్టి గీయించాం. ముల్లు సరిచేసి సెప్టెంబరులో అందర్నీ మళ్లీ తూచారు. ఆ చుక్క దగ్గర్నుంచి గీత మళ్లీ నిండుగా మొదలవుతుంది, కొంచెం కిందికి దిగి. ఆ దిగడం ఎందుకో కాగితం అడుగున రెండు వాక్యాల్లో రాశాం, లేకపోతే పండగ నెలలో పిల్లలందరూ చిక్కిపోయారనుకుంటారు.

నమ్మకమైన ముక్కలతో మాత్రమే లెక్కవేస్తే జావ ఇచ్చిన కేంద్రాలకీ ఇవ్వని వాటికీ చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. జావ దండగ అని దీనికి అర్థం కాదు, మూడు కేంద్రాల్లో ఇంతమందితో అది తేలదని. సంస్థ పెద్దలకి ఈ మాట చెప్పడం ఆమె వంతైంది, నా కంటే బాగా చెప్పింది. ఫ్లెక్సీ మీద జావ మాట తీసేశారు.

4వ కేంద్రం కాగితం సమావేశంలో పెట్టాలా వద్దా అన్నది గ్రాఫు ప్రశ్న కాదు. అయినా ఇద్దరం దాని మీద గంట కూర్చున్నాం. ఆ టీచరు దొంగలెక్క రాయలేదు, స్కేలు చూపించిందే రాసింది. పదిమందిలో ఆ మెట్టు చూపిస్తే వచ్చే నెల నుంచి ఏ కేంద్రంలోనూ గీత వంకరపోదు, అన్నీ నున్నగా ఉంటాయి, మనకి కావలసిందల్లా పోతుంది. అందుకని ఫ్లెక్సీ మీద 11 కేంద్రాల పిల్లల్నీ కేంద్రం పేరు లేకుండా కలిపేశాం, ఆడపిల్లలకొకటి, మగపిల్లలకొకటి.

తల్లులకి మాత్రం వేరే చేశాం, ఈ మొత్తంలో నాకు తృప్తినిచ్చింది అదే. ఒక ఫర్ లూపు రాసి 136 కాగితాలు తీశాం. ప్రతి కాగితంలోనూ అదే కొలత, అవే పట్టీలు, మిగతా పిల్లలందరూ కనీకనబడని బూడిద గీతలు, ఆ ఒక్క బిడ్డ గీత మందంగా నల్లగా. మౌసుతో చేత్తో దిద్దిన గ్రాఫైతే 136 సార్లు దిద్దాలి. కమాండుగా రాసి ఉంది కాబట్టి లూపు తిరగడానికి టీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు. పేర్లు లేవు, మూలన నంబరు ఒక్కటే, ఆ నంబరు ఎవరిదో టీచరుకి తెలుసు.

ఈ కేసు తర్వాత మారిన అలవాట్లు

పిల్లల కొలతలు ఎవరు తెచ్చినా ఇప్పుడు మొదటి గ్రాఫు రెండు రకాలుగా వేస్తున్నాను, ఒకసారి వయసు అడుగున, ఒకసారి తేదీ అడుగున. బిడ్డలో వచ్చిన మార్పు మొదటిదాంట్లో కనబడుతుంది, తూచే చోట వచ్చిన మార్పు రెండోదాంట్లో. తేదీ గ్రాఫు నేను ముందే వేసి ఉంటే ఆ టీచరమ్మ కన్ను మీద ఆధారపడాల్సి వచ్చేది కాదు. అది నా లోపమే.

సగటు గీయాల్సి వస్తే దాని వెనక విడి గీతలు పలచగానైనా ఉంచుతున్నాను. గ్రాఫు ఎవరి కోసమో వాళ్ల చేతిలో ఇప్పటికే ఏ కాగితం ఉందో అడిగి, అది తెప్పించుకుని చూశాకే వైలిమ్ దగ్గరికి వెళ్తున్నాను. రెండో జిరాక్సు పరీక్ష మాత్రం పాతదే. ఇంటి దగ్గర జిరాక్సు షాపతను నన్ను చూడగానే "రెండోసారి కూడా తియ్యాలా సార్" అని తనే అడుగుతాడు.

అమ్మాయి ఇప్పుడూ నెలకోసారి ఫైలు పంపుతుంది. 4వ కేంద్రంలో సంచి బరువు గోడమీద సుద్దతో రాసి పెట్టారట, 550 అని. కొత్తగా ఇంకోటి తగిలింది. 7వ కేంద్రంలో తొమ్మిది మంది పిల్లల పుట్టిన తేదీ ఏదో ఒక నెల ఒకటో తారీఖే. అడుగు గీత వయసైనప్పుడు తారీఖు పదిహేను రోజులు తప్పితే చుక్క అరనెల పక్కకి జరుగుతుంది, పసివాళ్లలో అది పట్టీ దాటించేస్తుంది. ఆ తొమ్మిది గీతలూ ప్రస్తుతానికి చుక్కల్లోనే ఉన్నాయి. ఆసుపత్రి కార్డులు వెతికించమని చెప్పాను.